అనిమేలో మ్యూజిక్ నిజంగా అంత ముఖ్యమా? లిస్టులు వద్దు, ఒక్క సీన్ చెప్పి వాదించండి

తెనాలి_టైటన్

మా రూమ్మేట్ అనిమే (జపాన్ యానిమేషన్) చూసే పద్ధతి చూస్తే నాకు బీపీ పెరుగుతుంది. ఫోన్‌లో సౌండ్ బాగా తగ్గించి, 1.5 స్పీడ్ పెట్టి, సబ్‌టైటిల్స్ చదువుకుంటూ పోతాడు. ఓపెనింగ్ వస్తే స్కిప్, ఎండింగ్ వస్తే నెక్స్ట్ ఎపిసోడ్. అదేంట్రా అంటే "కథ అర్థమైతే చాలు, మ్యూజిక్ ఎక్స్‌ట్రా" అంటాడు. నిన్న రాత్రి దీని మీదే గంటసేపు వాదించుకున్నాం, ఎటూ తేలలేదు.

అందుకే ఇక్కడ అడుగుతున్నా. మ్యూజిక్ లేకపోతే నిజంగా ఏం పోతుంది? "గూస్‌బంప్స్ బ్రో" అని వదిలేయకండి, అది నాకూ తెలుసు. ఏ సీన్, అందులో మ్యూజిక్ ఏం చేసింది, అది లేకపోతే సీన్ ఏమయ్యేది, అది చెప్పండి. టాప్ 10 ఓపెనింగ్స్ లిస్ట్ పెట్టేవాళ్లకు దండం, దానికి వేరే థ్రెడ్లు చాలా ఉన్నాయి.

పప్పుచారు_ప్రో

మ్యూజిక్ లేని ఫైట్ అంటే పోపు పెట్టని పప్పు. అయిపోయింది, థ్రెడ్ లాక్ చేయండి.

బెబాప్_బాబాయ్

లాక్ చేయకండి, నేను ఇప్పుడే వచ్చాను.

కౌబాయ్ బెబాప్, 1998. డైరెక్టర్ షినిచిరో వతనబే, మ్యూజిక్ యోకో కన్నో, ఆవిడ ఈ సిరీస్ కోసం కట్టిన బ్యాండ్ పేరు సీట్‌బెల్ట్స్. ఎపిసోడ్లను కూడా "సెషన్" అని పిలిచారంటే ఏ లెవెల్లో ఆలోచించారో చూడండి. కన్నో అడిగిన ట్యూన్లతో ఆగకుండా అడగనివి కూడా చేసి పట్టుకొచ్చేవారట, వాటిని విని వతనబే కొత్త సీన్లు అనుకునేవారట. అంటే బొమ్మకు పాట కట్టడమే కాదు, పాటకు బొమ్మ కట్టడం కూడా జరిగింది.

సీన్ అడిగారు కదా. ఐదో సెషన్‌లో చర్చి సీన్. హీరో స్పైక్ లోపలికి నడిచి వెళ్తుంటే "రెయిన్" అనే పాట వస్తుంది, వెనక ఆర్గాన్. తర్వాత కాల్పులు, కత్తి, గోల. చివరికి స్పైక్‌ని రంగుల అద్దాల కిటికీలోంచి బయటికి తోసేస్తారు. సరిగ్గా ఇక్కడ మామూలు యాక్షన్ సినిమా అయితే డ్రమ్స్ మోగాలి, లేదా వయొలిన్లు ఏడవాలి. కన్నో ఏం పెట్టారు? "గ్రీన్ బర్డ్". పియానో, చిన్నపిల్లల ప్రార్థన గీతంలాంటి కోరస్. మనిషి కింద పడుతున్నాడు, గాజు ముక్కలు గాల్లో తేలుతున్నాయి, మధ్యమధ్యలో అతని పాత జీవితం ముక్కముక్కలుగా కనిపిస్తోంది. ఆ మాటల్లేని జ్ఞాపకాలను ఒకదానికొకటి కలిపేది ఆ పాట ఒక్కటే. సౌండ్ తీసేసి చూస్తే ఎవరో కిటికీలోంచి పడ్డాడు, ఎవరో ఒక అమ్మాయి కనిపించింది, అంతే.

మీ రూమ్మేట్‌కి 1.5 స్పీడ్‌లో ఇది చూపిస్తే నా మీద ఒట్టు.

నిశ్శబ్దం_నచ్చును

ఒక చిన్న రాయి వేస్తాను, కోప్పడకండి.

మ్యూజిక్ గొప్పదే. కానీ ఈ మధ్య చాలా అనిమేల్లో అది కథ చేయాల్సిన పని తను చేస్తోంది. రైటింగ్ బలహీనంగా ఉన్నచోట కోరస్ పెంచేస్తారు. క్యారెక్టర్ మీద మనకు ఇంకా ప్రేమ పుట్టకముందే పియానో మొదలవుతుంది, "ఇప్పుడు ఏడవాలి" అని సిగ్నల్ ఇస్తుంది. మనం ఏడుస్తాం కూడా. తర్వాత ఆ క్యారెక్టర్ పేరేంటని అడిగితే చెప్పలేం.

నా వాదన ఏంటంటే, మ్యూజిక్ ఎంత బాగుంది అన్నది కాదు, ఎక్కడ ఆపారు అన్నది చూడాలి. దానికి పాఠం జపాన్ డైరెక్టర్ మియజాకి దగ్గర ఉంది. 2002లో అమెరికన్ విమర్శకుడు రోజర్ ఎబర్ట్‌తో మాట్లాడుతూ ఆయన చేతులతో మూడు నాలుగు సార్లు చప్పట్లు కొట్టి, ఆ చప్పట్ల మధ్య ఖాళీయే తను సినిమాలో పెట్టేదని చెప్పారు. స్పిరిటెడ్ అవేలో చిహిరో నీళ్ల మీద రైల్లో వెళ్లే సీన్ గుర్తు చేసుకోండి. మాటలు దాదాపు లేవు. కంపోజర్ జో హిసాయిషీ పియానో కూడా తొందరపడదు. కిటికీ బయట ఒక స్టేషన్ వచ్చి వెళ్లిపోతుంది. ఎవరూ ఏమీ వివరించరు.

తెనాలి_టైటన్

> ఎక్కడ ఆపారు అన్నది చూడాలి

ఇది నాకు కొత్త యాంగిల్. కానీ మ్యూజిక్ ముఖ్యం కాదని మీరు అనడం లేదు కదా?

నిశ్శబ్దం_నచ్చును

అనడం లేదు. అభిమానులు పాటను మెచ్చుకుంటూ సీన్‌ను మెచ్చుకుంటున్నాం అనుకుంటారు, అదే నా కంప్లయింట్. ప్లేలిస్ట్‌లో ఇరగదీసే ట్రాక్ సీన్‌లో చెత్తగా ఉండొచ్చు.

ఏలూరు_మిక్సింగ్

నేను హైదరాబాద్‌లో ఒక డబ్బింగ్ స్టూడియోలో సౌండ్ పని చేస్తాను. ఇక్కడ ఎవరూ చెప్పని ఒక విషయం ఉంది, అది తెలిస్తే ఈ గొడవ సగం తీరుతుంది.

మన సినిమాల్లో రీరికార్డింగ్ ఎలా జరుగుతుందో అందరికీ తెలుసు. ఎడిటింగ్ అయ్యాక కంపోజర్ రీలు చూస్తాడు, ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి అని సెకన్లు లెక్కపెట్టుకుని ఆర్‌ఆర్ చేస్తాడు. ఇళయరాజా గారు రీలు చూస్తూనే నోట్స్ రాసేవారని మా సీనియర్లు కథలు కథలుగా చెబుతారు.

టీవీ అనిమేలో మామూలుగా ఇది తిరగబడి ఉంటుంది. బొమ్మలు ఇంకా గీస్తూనే ఉంటారు, ఎపిసోడ్ పూర్తయ్యే సరికి ప్రసారం తేదీ నెత్తి మీద ఉంటుంది. అందుకని మ్యూజిక్ ముందే చేయించేస్తారు. సౌండ్ డైరెక్టర్ అని ఒకరుంటారు. వాళ్లు ఒక మెనూ రాస్తారు: రోజువారీ సరదా, స్కూల్ పొద్దున, అనుమానం, విలన్ రాక, యుద్ధం మొదలు, యుద్ధంలో ఓడుతున్నప్పుడు, విషాదం చిన్నది, విషాదం పెద్దది... ఇలా పదుల సంఖ్యలో. కంపోజర్ ఆ మెనూ చూసి ట్రాకులు కట్టి ఇస్తాడు. ఆ తర్వాత ప్రతి ఎపిసోడ్‌లో ఏ ట్రాక్ ఎక్కడ వేయాలి, ఎక్కడ కోయాలి, ఎక్కడ ఏమీ వేయకూడదు అన్నది సౌండ్ డైరెక్టర్ పని.

కాబట్టి నిశ్శబ్దం గారు తిట్టే "ముందే మొదలైన పియానో" కంపోజర్ తప్పు కాకపోవచ్చు. ఆయన ఆ సీన్‌ను చూసి ఉండకపోవచ్చు కూడా. అలాగే మనం పొగిడే చాలా సీన్లలో సగం క్రెడిట్ మనకు పేరు కూడా తెలియని సౌండ్ డైరెక్టర్‌ది.

సినిమాలు వేరు, అక్కడ బొమ్మ చూసుకుని సెకను సెకనుకూ రాసే అవకాశం ఎక్కువ. టీవీ సిరీస్‌లో కూడా ముఖ్యమైన ఎపిసోడ్లకు అలా చేయించడం ఉంది.

కర్నూలు_కకాషి

అన్నా ఇది నిజంగా తెలియదు. అంటే నరుటోలో ప్రతి ఏడుపుకీ అదే ఫ్లూట్ రావడానికి కారణం ఇదా 😭

ఏలూరు_మిక్సింగ్

అదే. "శాడ్‌నెస్ అండ్ సారో" గురించేగా? తోషియో మసుదా ట్రాక్. లైబ్రరీలో ఒక విషాదం ట్రాక్ ఉంటుంది, అవసరమైనప్పుడల్లా అది బయటికి వస్తుంది.

కానీ దీన్ని బీదతనం అనుకోకండి, నా లెక్కలో ఇదే ఈ పద్ధతికి బలం. ఒక ట్రాక్‌ని మొదటిసారి నరుటో ఒంటరితనం మీద విన్నారు. తర్వాత హాకు, జబూజాల కథలో విన్నారు. ఇంకో నలభై ఎపిసోడ్ల తర్వాత ఇంకెవరి మీదో వస్తే, ఆ పాత బాధలన్నీ దాంతో పాటు వస్తాయి. కొత్త క్యారెక్టర్ గురించి మీకు అయిదు నిమిషాలే తెలుసు, అయినా గొంతు పట్టుకుంటుంది. రెండు గంటల సినిమాకి ఇంత టైమ్ దొరకదు.

కర్నూలు_కకాషి

హాస్టల్లో ఎవడికైనా బ్యాక్‌లాగ్ వస్తే మేం ఫోన్‌లో అదే ట్రాక్ వేసేవాళ్లం. ఇప్పుడు ఆ ట్రాక్ వింటే నాకు హాకు గుర్తు రాడు, ఎం3 పేపర్ గుర్తొస్తుంది.

పప్పుచారు_ప్రో

నరుటోలో విలన్ పెయిన్ వచ్చినప్పుడు ఆ ఆర్గాన్, కోరస్ కూడా చెప్పండి. మా ఇంట్లో హోమ్ థియేటర్‌లో వేస్తే మా నాన్న "ఏరా, చర్చి పాటలు పెట్టావేంటి" అన్నాడు.

కర్నూలు_కకాషి

"గిరేయి". నరుటో రెండో సిరీస్ షిప్పుడెన్‌కి మ్యూజిక్ మారింది, యసుహరు తకనాషి. మసుదా శమిసెన్, వెదురు వేణువు లాంటి జపాన్ వాయిద్యాలను రాక్‌తో కలిపితే, ఈయన హెవీగా లాగాడు. పెయిన్ తనను దేవుడు అనుకుంటాడు కాబట్టి ఆర్గాన్ సరిపోయింది. మీ నాన్నగారు కరెక్ట్‌గానే పట్టారు.

వీణ_వాణి

నేను సంగీతం నేర్చుకున్న దాన్ని, అనిమేకి ఆలస్యంగా వచ్చాను. తమ్ముడి బలవంతం మీద ఘోస్ట్ ఇన్ ద షెల్ (1995) చూశాను. కథ మొదటిసారికి సగమే అర్థమైంది, నిజం చెప్పాలంటే. కానీ టైటిల్స్‌లో వచ్చిన ఆ కోరస్ దగ్గర సినిమా ఆపి, వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను.

తెర మీద ఒక సైబోర్గ్ శరీరాన్ని తయారు చేస్తుంటారు. లోహపు అస్థిపంజరం, దాని మీద పొరలు, ద్రవంలోంచి పైకి తేలడం. భవిష్యత్తు గురించిన కథ కాబట్టి ఎవరైనా సింథసైజర్ పెడతారు. కెంజి కవాయి మాత్రం పెద్ద డ్రమ్, చిన్న గంటల్లాంటి శబ్దం, జపాన్ జానపద గాయనుల బృందం పెట్టారు. సాహిత్యం పాత జపనీస్‌లో రాసిన పెళ్లి పాట. ఒక యంత్రం పుడుతుంటే పెళ్లి పాట! జానపద గాయనులు మామూలుగా విడివిడిగా గమకాలతో పాడతారు. ఇక్కడ వాళ్ల చేత తూర్పు ఐరోపా పల్లె కోరస్‌లా, స్వరాలు ఒకదానికొకటి బాగా దగ్గరగా ఒరుసుకునేలా పాడించారు. ఆ ఒరిపిడి వల్లే ఒళ్లు జలదరిస్తుంది. గొంతులు మనుషులవే, అయినా ఏదో కొత్త జీవి పాడుతున్నట్టు ఉంటుంది.

ఇదే పాట సినిమాలో మూడుసార్లు వస్తుంది. మొదట్లో పుట్టుక మీద, మధ్యలో మాటల్లేని నగరం సీన్ మీద, చివర టైటిల్స్ మీద. మధ్యలో వచ్చినప్పుడు కథ ఆగిపోతుంది. కాలువలో పడవ, వాన, సైన్‌బోర్డులు, షాపు అద్దంలో తనలాంటి ముఖమే ఉన్న ఇంకో మనిషి. కథ పరంగా అక్కడ ఏమీ జరగదు, స్పీడ్ పెంచి చూసేవాళ్లు దూకేసే చోటు అదే. మొత్తం సినిమా అడిగే ప్రశ్న మాత్రం అక్కడే ఉంది, అడిగేది పాట.

నిశ్శబ్దం_నచ్చును

అక్కా, చాలా బాగా రాశారు. అకిరా చూశారా?

వీణ_వాణి

చూశాను. 1988ది కదా. గెయినో యమషిరోగుమి బృందం. ఇండోనేషియా గమెలాన్ (లోహపు వాద్యాల బృందం), వెదురుతో చేసిన జెగోగ్, జపాన్ "నో" నాటకంలో లాంటి గానం. బైకుల రేసు మీద వెదురు వాద్యం మోగుతుంటే మొదట నవ్వొచ్చింది, రెండు నిమిషాల్లో ఊపిరి బిగబట్టాను. గమెలాన్‌లో జంట వాద్యాలను కావాలనే కొద్ది తేడాతో శ్రుతి చేస్తారు, అందుకే ఆ శబ్దం గాల్లో అల్లాడుతూ ఉంటుంది. మా గురువుగారు వింటే తంబూరా సరిచేయమనేవారు!

మాడరేటర్

థ్రెడ్ బాగా నడుస్తోంది. ఒక్క మనవి: అటాక్ ఆన్ టైటన్, ఎవాంగెలియన్ గురించి రాసేవాళ్లు ముందు "స్పాయిలర్" అని పెట్టండి. పోయినసారి జరిగిన రచ్చ చాలు.

తెనాలి_టైటన్

స్పాయిలర్: అటాక్ ఆన్ టైటన్ రెండో సీజన్

నా వంతు. రైనర్ నిజం బయటపెట్టే సీన్. గోడ మీద అందరూ అలసిపోయి నిలబడి ఉంటారు. కెమెరా ముందు వేరేవాళ్లు వేరే విషయం మాట్లాడుకుంటుంటే, రైనర్ పక్కన హీరో ఎరెన్‌తో మామూలు గొంతుతో "నేనే ఆ టైటన్" అని చెప్పేస్తాడు, సాయంత్రం టీకి వెళ్దామా అన్నంత తేలిగ్గా. పెద్ద మ్యూజిక్ ఏదీ రాదు. మొదటిసారి చూసినప్పుడు నేను సబ్‌టైటిల్ తప్పు అనుకున్నా. తర్వాత వాళ్లు రాక్షస టైటన్లుగా మారడం మొదలయ్యాక కంపోజర్ సవానో ట్రాక్ విరుచుకుపడుతుంది.

హిరోయుకి సవానో అంటే అందరూ ఆ పెద్ద కోరస్, ఆ డ్రాప్ గురించే మాట్లాడతారు. కానీ అది అంత గట్టిగా తగలడానికి కారణం అంతకుముందు ఉన్న ఆ చప్పటి, మామూలు మాట.

నిశ్శబ్దం_నచ్చును

ఇదే నేను మొదటి నుంచీ మొత్తుకుంటున్నది. ఆ ట్రాక్ రెండు నిమిషాల ముందు మొదలై ఉంటే, అదొక మామూలు ట్విస్ట్ అయ్యేది.

షింజీ_ఫ్రమ్_షాద్‌నగర్

స్పాయిలర్: ఎవాంగెలియన్ 24

టైటన్ బ్రో చెప్పింది మ్యూజిక్ లేకుండా ఆపడం. ఎవాంగెలియన్ (1995) డైరెక్టర్ హిడెయాకి అన్నో ఇంకా దుర్మార్గుడు. ఆయన బొమ్మను ఆపి మ్యూజిక్‌ను నడిపిస్తాడు.

కవొరు మొదటిసారి కనిపించినప్పుడే బీథోవెన్ తొమ్మిదో సింఫనీలో ఆనంద గీతం కూనిరాగం తీస్తుంటాడు. అప్పుడు మనం పట్టించుకోం. చివర్లో వాడు కిందికి దిగుతూ ఉంటే, రోబోలు కొట్టుకుంటూ ఉంటే, అదే సింఫనీ ఫుల్ ఆర్కెస్ట్రాతో వస్తుంది. ఆ తర్వాత హీరో షింజీ నడిపే రోబో యూనిట్ 01 చేతిలో కవొరు. ఫ్రేమ్ ఆగిపోతుంది. నిమిషంపాటు కదలిక లేదు. కోరస్ మాత్రం ఆనందం, ఆనందం అని పాడుతూనే ఉంటుంది. షింజీ చేయి బిగిస్తాడా లేదా అని మనం ఆ కదలని బొమ్మను చూస్తూ కూర్చోవాలి. తర్వాత ఒక్క కట్.

అప్పట్లో వాళ్లకు టైమ్, డబ్బు టైట్‌గా ఉన్నాయని అంటారు. ఉండనీ. మ్యూజిక్ మ్యూట్ చేస్తే అది ఫోన్ హ్యాంగ్ అయినట్టు ఉంటుంది. మ్యూజిక్ ఉంటే అంతకంటే భయంకరమైన నిమిషం నేను టీవీలో చూడలేదు. టైటన్ రూమ్మేట్‌కి ఇది చూపించండి, 1.5 స్పీడ్‌లో నలభై సెకన్లలో అయిపోతుంది, పాపం.

ఇంకోటి. 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చినప్పుడు చాలా దేశాల్లో ఎండింగ్‌లోని "ఫ్లై మీ టు ద మూన్" తీసేసి పియానో ముక్క పెట్టారు, హక్కుల గొడవ. కథలో ఒక్క మాట మారలేదు. అయినా పాతవాళ్లు ఎంత గోల చేశారో. ప్రతి ఎపిసోడ్‌లో మనసు నలిపేశాక ఆ తేలికైన జాజ్ పాట రావడంలో ఒక వెటకారం ఉండేది. అది పోయింది.

విజయవాడ_విహారి

డబ్బింగ్ సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? చిన్నప్పుడు మేం కార్టూన్ నెట్‌వర్క్‌లో చూసిన డ్రాగన్ బాల్ జీ మ్యూజిక్ అసలు జపాన్ మ్యూజికే కాదని తెలిసి నాకు మతిపోయింది.

ఏలూరు_మిక్సింగ్

అవును. జపాన్‌లో షున్సుకే కికుచి చేశారు. అమెరికాలో ఫనిమేషన్ వాళ్లు తమ డబ్‌కి బ్రూస్ ఫాల్కనర్ చేత మొత్తం కొత్తగా చేయించారు, గిటార్, సింథ్. మన దగ్గర చాలామంది చెవిలో ఉన్నది రెండోదే. ఒకే బొమ్మ, రెండు మ్యూజిక్‌లు, రెండు వేర్వేరు షోలు. కికుచి దాంట్లో పాత సమురాయ్ సినిమా వాసన ఉంటుంది, చాలాచోట్ల ఖాళీ వదిలేస్తారు. ఫాల్కనర్ దాంట్లో గ్యాప్ ఉండదు, ఇద్దరు ఒకరినొకరు చూసుకుంటూ నిలబడ్డా కింద ఏదో మోగుతూనే ఉంటుంది.

ఏది గొప్ప అని గొడవ మొదలుపెట్టకండి, దానికి అంతు లేదు.

పప్పుచారు_ప్రో

ఫాల్కనర్. మాట్లాడేది లేదు.

నిశ్శబ్దం_నచ్చును

కికుచి. హిసాయిషీకి కూడా ఇదే అనుభవం, తెలుసా? లపుటా (1986) రెండు గంటల సినిమా, అందులో మ్యూజిక్ దాదాపు గంటే. మొదట్లో గాల్లో ఓడ మీద దొంగలు పడే సీన్‌లో మ్యూజిక్ లేదు, గాలి, అద్దాలు, అరుపులు. పిల్ల ఆకాశంలోంచి జారిపోయాక టైటిల్ మ్యూజిక్ వస్తుంది. డిస్నీ ఇంగ్లీష్ డబ్ చేసేటప్పుడు అమెరికా ప్రేక్షకులకు ఇంత ఖాళీ పనికిరాదని హిసాయిషీ చేతే మళ్లీ రాయించారు, ఆర్కెస్ట్రా పెట్టి, నిడివి పెంచి. కొత్తది వినడానికి చాలా బాగుంటుంది. నాకు పాతదే కావాలి.

విజయవాడ_విహారి

మరి ఇప్పుడు మన తెలుగు డబ్బింగ్‌లో? డీమన్ స్లేయర్ ఇన్ఫినిటీ కాజిల్ 2025 సెప్టెంబర్‌లో థియేటర్‌లో తెలుగులో చూశాను. మ్యూజిక్ మార్చారా అని డౌట్ వచ్చింది, ఇంట్లో విన్నదానికంటే చాలా వేరుగా అనిపించింది.

ఏలూరు_మిక్సింగ్

ఆ సినిమాకి నేను పనిచేయలేదు, కాబట్టి పద్ధతి మాత్రం చెప్తాను. ఇప్పుడు డబ్బింగ్‌కి ఎం అండ్ ఈ ట్రాక్ ఇస్తారు, అంటే మాటలు తప్ప మ్యూజిక్, ఎఫెక్ట్స్ అన్నీ ఉన్న ట్రాక్. దాని మీద తెలుగు గొంతులు కూర్చోబెడతాం. మ్యూజిక్ ముట్టుకోం. మీకు తేడా అనిపించింది థియేటర్ స్పీకర్ల వల్ల. ఫోన్ స్పీకర్ కింది శబ్దాలు మొత్తం మింగేస్తుంది, పెద్ద డ్రమ్ ఉందని కూడా తెలియదు.

డబ్బింగ్‌లో అసలు చిక్కు ఇంకోచోట ఉంది. జపనీస్ నటుడు ఒక మాట చెప్పి ఆగుతాడు, ఆ ఆగినచోట మ్యూజిక్ లేస్తుంది. మన వాక్యం పొడవైతే ఆ లేచేచోట మన ఆర్టిస్ట్ ఇంకా మాట్లాడుతూనే ఉంటాడు. క్రియ చివర్లో రావడం రెండు భాషల్లోనూ ఉంది కాబట్టి ఇంగ్లీష్ స్క్రిప్ట్ నుంచి కాకుండా నేరుగా జపనీస్ చూసి రాస్తే మనకు కొంచెం సులువు. అయినా పెదాల కదలిక, సెకన్లు, అర్థం మూడూ కుదరాలంటే ఒక్కోసారి మంచి డైలాగ్ వదులుకోవాలి. నేనైతే మ్యూజిక్ లేచే చోటు ఖాళీగా ఉంచమని రైటర్‌ని బతిమాలుతాను.

వీణ_వాణి

డీమన్ స్లేయర్ 19వ ఎపిసోడ్‌లో తంజిరో పాట వచ్చేది కూడా అలాంటి చోటేనా? ఫైట్ నడుస్తుండగా ఒక లాలిపాటలాంటిది మొదలవుతుంది.

ఏలూరు_మిక్సింగ్

అవును, గో షియినా ట్యూన్, నామి నకగవ పాడారు. తండ్రి చేసే అగ్ని నాట్యం గుర్తుకు రావడం, ఇటు కత్తి తిప్పడం రెండూ ఒకేసారి నడుస్తాయి, పాట రెంటినీ ఒకే లయలో కడుతుంది. పైన చెప్పిన మెనూ పద్ధతిలో ఇది సాధ్యం కాదు, బొమ్మకూ పాటకూ లెక్క ముందే కుదరాలి. అదే ట్రాక్ ఎండింగ్ టైటిల్స్ మీదికి కూడా సాగుతుంది, అందుకే ఆ రోజు ఎవరూ స్కిప్ నొక్కలేదు.

పియానో_పిచ్చి

చాలా రోజులుగా చదువుతూ ఉంటాను, ఇదే నా మొదటి పోస్ట్.

ఎ సైలెంట్ వాయిస్ (2016). డైరెక్టర్ నవొకో యమద, మ్యూజిక్ కెన్సుకే ఉషియో. షోకోకి చెవులు వినపడవు, మిషన్ పెట్టుకుంటుంది. ఇలాంటి సినిమాకి మ్యూజిక్ ఎలా చేయాలి? ఉషియో ఒక నిలువు పియానో తీసుకుని దాని లోపల మైకులు పెట్టారు. హెడ్‌ఫోన్స్‌తో వినండి. స్వరం కంటే ముందు కీ కిందికి దిగిన చప్పుడు వినిపిస్తుంది. సుత్తికి ఉన్న ఫెల్ట్ తీగను తాకే మెత్తని దెబ్బ, పెడల్ వదిలినప్పుడు చెక్క కిర్రుమనడం, అన్నీ ఉంటాయి. మామూలు రికార్డింగ్‌లో ఇవన్నీ చెత్త అని తీసేస్తారు.

నేను పియానో వాయిస్తాను కాబట్టి ఈ చప్పుళ్లు నాకు రోజూ వేళ్లకు తెలిసేవే. వినేవాళ్లకు స్వరం వస్తుంది, వాయించేవాళ్లకు ఆ అదురు వస్తుంది. వినపడని పిల్లకు శబ్దం అంటే ఆ అదురే కదా అనిపించింది. ఆ సినిమాలో బాణసంచా సీన్‌లో షోకో శబ్దాన్ని చెవితో కాకుండా ఒంటితో అందుకుంటుంది. మ్యూజిక్ మొత్తం అక్కడి నుంచే రాసినట్టు ఉంటుంది.

ట్యూన్ అడిగితే నేను హమ్ చేయలేను, గుర్తు కూడా లేదు.

నిశ్శబ్దం_నచ్చును

ఈ ఒక్క పోస్ట్ కోసం ఈ థ్రెడ్ సేవ్ చేసుకుంటున్నా. వయొలెట్ ఎవర్‌గార్డెన్‌లో ఎవాన్ కాల్ టైప్‌రైటర్ చప్పుడును తాళంగా వాడింది కూడా ఈ దారిలోదే, ఆ పిల్ల పని ఉత్తరాలు టైప్ చేయడం కాబట్టి.

కర్నూలు_కకాషి

యువర్ నేమ్ గురించి ఎవరూ రాయలేదు, ఆశ్చర్యం!!

ఏలూరు_మిక్సింగ్

2016లోదే అదీ. డైరెక్టర్ షింకై స్క్రిప్ట్ దశలోనే రాడ్‌వింప్స్ బ్యాండ్‌కి ఇచ్చారు, వాళ్లు పాటలు పంపుతుంటే వాటికి తగ్గట్టు సీన్ల పొడవు మారింది. అందుకే ఆ సినిమాలో పాట వచ్చినప్పుడు నెలల కథ రెండు మూడు నిమిషాల్లో గడిచిపోతుంది. మన తెలుగు ప్రేక్షకులకు అది వెంటనే ఎక్కడానికి కారణం ఉంది, పాటలో కథ నడపడం మనకు పుట్టినప్పటి నుంచీ అలవాటు.

విజయవాడ_విహారి

మన మాట వచ్చింది కాబట్టి, జపాన్ వాళ్లతో కలిసి చేసిన రామాయణం కూడా చెప్పాలి. యుగో సాకో మొదలుపెట్టింది, మన వైపు నుంచి రామ్ మోహన్. 2025 జనవరిలో తెలుగులో కూడా థియేటర్లకు వచ్చింది. బొమ్మ జపాన్‌ది, మ్యూజిక్ వనరాజ్ భాటియా. ఇంగ్లీష్ వెర్షన్‌లో కూడా పాటలు సంస్కృతంలో ఉంటాయి. బొమ్మల గీత చూస్తే మియజాకి స్టూడియో గిబ్లీ చుట్టంలా ఉంటుంది, పాట మొదలవగానే ఇది మన కథే అని తెలిసిపోతుంది.

పప్పుచారు_ప్రో

అది అనిమే కిందికి వస్తుందా?

విజయవాడ_విహారి

మళ్లీ మొదలెట్టకు తమ్ముడూ.

బెబాప్_బాబాయ్

ఆఫీసు నుంచి వచ్చేసరికి థ్రెడ్ ఇంత పెరిగిందా! వతనబే ఇంకో సిరీస్ సమురాయ్ చాంప్లూ (2004) ఎవరూ ఎత్తలేదు. పాతకాలపు సమురాయ్ కథకు హిప్‌హాప్ బీట్లు. నుజాబెస్, ఫ్యాట్ జాన్, సుచీ, ఫోర్స్ ఆఫ్ నేచర్. ఇప్పుడు పిల్లలు చదువుకుంటూ వినే లోఫైకి మూలపురుషుల్లో నుజాబెస్ ఒకరు, 2010లో రోడ్డు ప్రమాదంలో పోయారు.

కానీ నేను చెప్పాలనుకున్నది బీట్ల గురించి కాదు. 14వ ఎపిసోడ్. హీరోల్లో ఒకడైన ముగెన్ సముద్రంలో మునిగిపోతుంటాడు, చావుబతుకుల మధ్య. సిరీస్ మొత్తం టర్న్‌టేబుల్ గీతలతో నడిచినా ఇక్కడ బీట్ ఉండదు. అమామి దీవుల జానపద గాయని ఇకుయె అసజాకి గొంతు వస్తుంది, చాలా నెమ్మదిగా. ఒకటి రెండు వాక్యాలు వాడుకుని వదలరు, నిమిషాల తరబడి సాగనిస్తారు. ముగెన్ పుట్టిందే దక్షిణ దీవుల వైపు. వాడు నోరు తెరిచి ఊరి గురించి ప్రేమగా ఒక్క మాట చెప్పే రకం కాదు. వాడి తరఫున ఆ ముసలావిడ పాడుతుంది.

వీణ_వాణి

ఇప్పుడే విన్నాను. ఆవిడ స్వరం పైకి వెళ్లేటప్పుడు గొంతు విరిచి పలికిస్తున్నారు, గమనించారా? పొరపాటున విరిగింది కాదు, అది ఆ దీవుల బాణీ. ఇలాంటి ఎపిసోడ్లు చాంప్లూలో ఇంకా ఉన్నాయా బాబాయ్ గారూ? నేను మొదటి నుంచి చూడాలా, లేక ఇది ఒక్కటి చూసినా అర్థమవుతుందా?

బెబాప్_బాబాయ్

13, 14 కలిపి ఒకే కథ అమ్మా, ఆ రెండూ వరుసగా చూడండి. కానీ ముగెన్ ఎంత మొరటువాడో తెలిశాక చూస్తేనే దెబ్బ పడుతుంది, కాబట్టి ఒకటి నుంచే మొదలుపెట్టండి. మొత్తం 26.

మాడరేటర్

నుజాబెస్ గురించి ఇంకా రాయాలనుకునేవాళ్లు వేరే థ్రెడ్ తెరవండి, ఇక్కడ కలిసిపోతే తర్వాత వెతకడం కష్టం.

బెబాప్_బాబాయ్

భోజనం చేసి వచ్చి తెరుస్తాను. ఈలోగా ఎవరూ లోఫై ప్లేలిస్టులు పోస్ట్ చేయకండి.